పిల్లల టీకా రిజిస్ట్రీని బడికి అందుబాటులోకి తేవడం ఎలా: అమెరికా స్కూల్ డిస్ట్రిక్టుల్లో పనిచేసే తెలుగువారి కోసం

అమెరికాలో బడిలో చేరే పిల్లలు నిర్ణీత టీకాలు వేయించుకున్నట్లు రుజువు చూపాలని 50 రాష్ట్రాలూ, రాజధాని వాషింగ్టన్ డీసీ నిబంధన పెట్టుకున్నాయి. ఆ రుజువు చాలా డిస్ట్రిక్టుల్లో నేటికీ కాగితంగానే బడికి చేరుతోంది. ఆగస్టులో బడి తెరిచే ముందు తల్లి పిల్లల డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేస్తుంది, అక్కడి నుంచి ఫ్యాక్స్ వస్తుంది, సగం అంకెలు అలుక్కుపోయిన ఆ కాగితాన్ని స్కూల్ నర్సు వెలుతురుకు పట్టి చూసి ఒక్కో తేదీని కంప్యూటర్లో ఎక్కిస్తుంది. బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఆ తేదీలు చాలాసార్లు రాష్ట్ర ఆరోగ్య శాఖ నడిపే ఇమ్యునైజేషన్ రిజిస్ట్రీలో, అంటే టీకా వివరాల ఎలక్ట్రానిక్ చిట్టాలో, అప్పటికే నమోదై ఉంటాయి. టీకా వేసిన క్లినిక్కో ఫార్మసీయో వాటిని ఎప్పుడో పంపేసి ఉంటుంది. బడికి ఆ రిజిస్ట్రీని చూసే వీలు లేకపోవడం వల్లనే ఈ శ్రమంతా.

శ్రమ ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. 2024-25 విద్యా సంవత్సరంలో దేశం మొత్తం మీద కిండర్‌గార్టెన్ పిల్లల్లో ఎంఎంఆర్ (తట్టు అంటే మీజిల్స్, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా పూర్తయినట్లు రుజువు ఉన్నవారు 92.5 శాతం. తట్టు వ్యాపించకుండా ఆగాలంటే ఉండవలసింది దాదాపు 95 శాతం. అదే ఏడు ఏదో ఒక టీకా నుంచి మినహాయింపు తీసుకున్న పిల్లలు 3.6 శాతమే. అంటే రుజువు లేని పిల్లల్లో చెప్పుకోదగిన భాగం టీకా వద్దనుకున్న కుటుంబాల పిల్లలు కారు. కొందరికి డోసు మిగిలిపోయింది, మరికొందరికి డోసు పడినా కాగితం బడికి అందలేదు. ఈ ఇద్దరినీ వేరుచేసి చూడగలిగితే నర్సు తన సమయాన్ని నిజంగా టీకా కావలసిన పిల్లలకు ఇవ్వగలుగుతుంది. రిజిస్ట్రీ అందుబాటు వల్ల కలిగే అసలు మేలు ఇదేనని నా నమ్మకం.

స్కూల్ బోర్డుల్లో, తల్లిదండ్రుల సంఘాల్లో, డిస్ట్రిక్టు ఐటీ విభాగాల్లో, నర్సింగ్ సేవల్లో తెలుగువారు చాలామంది పనిచేస్తున్నారు. ఈ పనిని మొదలుపెట్టించగల స్థానం వారిది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ మలుపు దగ్గర జాగ్రత్త పడాలో కింద వివరిస్తున్నాను.

ముందుగా మీ రాష్ట్ర చట్టం చదవండి

దేశానికంతటికీ ఒకే టీకా రిజిస్ట్రీ లేదు. సమాఖ్య ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ నిధులూ ప్రమాణాలూ ఇస్తుంది గానీ, రిజిస్ట్రీ రాష్ట్రానిది, దాన్ని ఎవరు చూడవచ్చో చెప్పేదీ రాష్ట్ర చట్టమే. కాబట్టి పక్క రాష్ట్రంలో ఉన్న మిత్రుడి డిస్ట్రిక్టు ఏం చేసిందో అడిగి తెలుసుకోవడం మంచిదే అయినా, దాన్ని యథాతథంగా దించుకోవడానికి వీలుండదు.

టెక్సాస్ రిజిస్ట్రీ పేరు ఇమ్‌ట్రాక్2. అది సమ్మతి మీద నడిచేది. తల్లి గానీ తండ్రి గానీ ఒప్పుకుని సంతకం చేస్తేనే పిల్లల రికార్డు అందులో నిలుస్తుంది. అక్కడే పుట్టిన పిల్లల విషయంలో ఈ సమ్మతిని తరచుగా జనన ధ్రువపత్రం కాగితాలతోపాటే ఆస్పత్రిలో అడుగుతారు. హైదరాబాదులోనో విజయవాడలోనో పుట్టి అయిదేళ్ల వయసులో ఫ్రిస్కోకో ఇర్వింగ్‌కో వచ్చిన పిల్లలకు ఆ సందర్భమే రాదు. డాక్టరు ఆఫీసులో ఎవరైనా ఫారం చేతికిచ్చి అడిగితే తప్ప ఆ పిల్లల పేరు రిజిస్ట్రీకి ఎక్కదు. ఇంకొక మెలిక కూడా ఉంది: 18 ఏళ్లు నిండిన విద్యార్థి తన సమ్మతిని తానే మళ్లీ ఇవ్వాలి, 26వ పుట్టినరోజు లోపు ఇవ్వకపోతే రికార్డు తొలగిపోతుంది. హైస్కూల్ చివరి సంవత్సరం పిల్లలకు బడి ఈ మాట చెప్పి పంపితే, తర్వాత కాలేజీ వారు మెనింజైటిస్ టీకా రుజువు అడిగినప్పుడు వెతుక్కునే అవస్థ తప్పుతుంది.

కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. అక్కడి రిజిస్ట్రీ కెయిర్2. 2023 జనవరి 1 నుంచి టీకా వేసినవారు అందులో నమోదు చేయడం తప్పనిసరి అయింది. తమ పిల్లల రికార్డును ఇతర సంస్థలు చూడకుండా ఆపమని కోరే హక్కు తల్లిదండ్రులకు ఉంది. బడులకు చూసే అనుమతి ఇచ్చే ఏర్పాటు ఆ రాష్ట్రంలో చాలాకాలంగా ఉంది. వాషింగ్టన్ రాష్ట్రం ఇంకొంచెం ముందుకు వెళ్లి, తన రిజిస్ట్రీలో బడుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగాన్నే నిర్మించింది. 2020 ఆగస్టు 1 నుంచి అక్కడ తల్లిదండ్రులు చేత్తో తేదీలు రాసిచ్చిన కాగితం ఒక్కటే చాలదు, వైద్యపరంగా ధ్రువపడిన రికార్డు కావాలి. ఆ ధ్రువీకరణకు రిజిస్ట్రీయే అన్నింటికంటే సులువైన దారి. మిషిగన్‌లో బడులు రాష్ట్రానికి పంపే టీకా నివేదికలను ఎమ్‌సీఐఆర్ అనే రిజిస్ట్రీ ద్వారానే సమర్పిస్తాయి.

సమాఖ్య చట్టాల్లో రెండింటిని తెలుసుకుంటే చాలు. మొదటిది వైద్య సమాచార గోప్యతను కాపాడే హిపా. డాక్టరు ఆఫీసు బడికి టీకా రుజువు ఇవ్వాలంటే ఒకప్పుడు తల్లిదండ్రుల రాతపూర్వక అధికార పత్రం ఉండాల్సి వచ్చేది. 2013లో ఆ నియమాన్ని సడలించారు. రుజువు లేకుండా చేర్చుకోవద్దని రాష్ట్ర చట్టం బడికి చెప్పి ఉన్నచోట, తల్లిదండ్రులు నోటిమాటగా ఒప్పుకున్నా సరిపోతుంది, ఆ ఒప్పుకోలును డాక్టరు ఆఫీసు తన దగ్గర రాసిపెట్టుకుంటే చాలు. రెండవది 1974 నాటి ఫెర్పా. బడి దగ్గరున్న విద్యార్థి రికార్డులను ఇది కాపాడుతుంది. రిజిస్ట్రీలో చూసిన వివరాన్ని నర్సు విద్యార్థి ఫైలులో చేర్చిన మరుక్షణం అది విద్యా రికార్డు అవుతుంది, అప్పటి నుంచి దానికి ఫెర్పా వర్తిస్తుంది.

దీనివల్ల సమాచారం లోపలికి రావడం సులువు, బయటికి పోవడం కష్టం అనే పరిస్థితి ఏర్పడుతుంది. డిస్ట్రిక్టులు తడబడేది సరిగ్గా ఇక్కడే. రిజిస్ట్రీలో ఒక్కో విద్యార్థిని వెతికి చూడటం ఒక పని. డిస్ట్రిక్టులోని విద్యార్థులందరి పేర్లూ పుట్టిన తేదీలూ ఒక ఫైలులో పెట్టి రిజిస్ట్రీకి పంపి, సరిపోలిన రికార్డులను ఒక్కసారిగా తెప్పించుకోవడం వేరే పని. రెండవ దానిలో బడి తన విద్యార్థుల వివరాలను బయటి సంస్థకు ఇస్తోంది. పేరు, పుట్టిన తేదీ వంటివి డైరెక్టరీ సమాచారం (విడిగా సమ్మతి అడగకుండానే బడి బయటికి ఇవ్వగల సాధారణ వివరాలు) కింద ప్రకటించుకున్న డిస్ట్రిక్టుకు ఒక దారి దొరుకుతుంది గానీ, ఆ సమాచారం ఇవ్వవద్దని రాసిచ్చిన కుటుంబాల పిల్లలను జాబితా నుంచి ముందే తీసేయాలి. ఈ ఒక్క విషయం మీద డిస్ట్రిక్టు న్యాయవాది చేత రాతపూర్వకమైన అభిప్రాయం తీసుకోకుండా ఫైలు పంపవద్దు.

ఏ మేరకు అనుమతి అడగాలి

నా సలహా నిర్మొహమాటంగా చెబుతాను. మొదటి సంవత్సరం చూడటానికి మాత్రమే అనుమతి అడగండి. నర్సు తన బడి విద్యార్థి పేరుతో వెతుకుతుంది, టీకాల చరిత్ర చూస్తుంది, అవసరమైతే ముద్రిస్తుంది. అంతకంటే ఎక్కువ వద్దు. ఆ పద్ధతి కుదురుకున్నాక రెండవ సంవత్సరం జాబితా మొత్తాన్ని సరిపోల్చే ఏర్పాటుకు వెళ్లవచ్చు. పెద్ద డిస్ట్రిక్టులో ఈ రెండవ దశ లేకపోతే పని తెమలదు, కాబట్టి దాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం సబబే. కానీ పేర్లు సరిపోలడంలో వచ్చే చిక్కులు ఎలాంటివో చేతితో వెతికిన అనుభవం లేనివారికి తెలియదు, తెలియకుండా యంత్రానికి అప్పగిస్తే తప్పులు గుట్టగా పోగుపడతాయి.

రిజిస్ట్రీలోకి తేదీలు ఎక్కించే అనుమతిని కొన్ని రాష్ట్రాలు బడులకు ఇస్తాయి. దాన్ని స్వీకరించాలా వద్దా అన్నది మీ డిస్ట్రిక్టులో లైసెన్సు ఉన్న నర్సులు ఎందరున్నారన్న దాన్ని బట్టి నిర్ణయించుకోండి. ఆఫీసు గుమాస్తా చేత టీకా తేదీలు ఎక్కించే ఏర్పాటును నేను సమర్థించను. బడిలో పడిన తప్పు తేదీ బడితో ఆగదు, డాక్టరు తెరమీదకూ అదే వస్తుంది, దాన్ని నమ్మి ఆయన ఒక డోసు వేయకుండా మానేయవచ్చు.

దరఖాస్తు వెళ్లేది రాష్ట్ర ఆరోగ్య శాఖలోని ఇమ్యునైజేషన్ విభాగానికి. సాధారణంగా రెండు రకాల పత్రాలు ఉంటాయి: డిస్ట్రిక్టు తరఫున సూపరింటెండెంటో ఆయన అధికారం ఇచ్చినవారో సంతకం చేసే సంస్థ ఒప్పందం ఒకటి, రిజిస్ట్రీ వాడబోయే ప్రతి వ్యక్తీ విడిగా సంతకం చేసే గోప్యతా ఒప్పందం ఒకటి. ఒకే లాగిన్‌ను నలుగురు పంచుకోవడం అనే అలవాటు బడి ఆఫీసుల్లో పాతుకుపోయింది, దాన్ని మొదటి రోజే నిషేధించాలి. ఎవరు ఎప్పుడు ఎవరి రికార్డు తెరిచారో రిజిస్ట్రీ గుర్తుపెట్టుకుంటుంది, ఆ చిట్టాకు అర్థం ఉండాలంటే ఒక లాగిన్ వెనుక ఒక మనిషే ఉండాలి. తన బడిలో లేని పిల్లల రికార్డు చూడటం, అది చుట్టాల పిల్లలదైనా సరే, తప్పేనని శిక్షణలో విడమరచి చెప్పండి. చాలామంది చెడు ఉద్దేశంతో చూడరు, తమ మేనకోడలికి సాయం చేద్దామని చూస్తారు. అయినా అది తప్పే.

అడగకూడనివి కూడా ఒప్పందంలో రాసుకోండి. సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ, వలస హోదా గానీ ఈ పనికి అవసరం లేదు. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం వలస హోదా కారణంగా పిల్లలకు ప్రభుత్వ బడిలో చదువు నిరాకరించడానికి వీల్లేదు. టీకా రికార్డు వెతకడం పేరుతో ఆ ప్రశ్న దొడ్డిదారిన లోపలికి రాకూడదు.

కుటుంబాలకు చెప్పడం

చట్టం ప్రకారం అవసరం లేకపోయినా తల్లిదండ్రులకు ముందుగా చెప్పండి. బడి రిజిస్ట్రీని చూస్తుంది, టీకాల వివరాలు తప్ప వేరే జబ్బుల వివరాలు చూడదు, ఫలానా పద్ధతిలో వద్దనవచ్చు, వద్దంటే కాగితం తెచ్చి ఇవ్వవచ్చు అనే నాలుగు విషయాలు ఒక పేజీలో ఉంటే చాలు. కిండర్‌గార్టెన్ నమోదు మొదలయ్యే వసంతకాలంలో ఈ ఉత్తరం వెళ్లాలి, ఆగస్టులో వెళితే ఎవరూ చదవరు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టుల్లో తెలుగు ప్రతి కూడా ఇవ్వండి. పిల్లల్ని బడికి దింపేది చాలా ఇళ్లలో అమ్మమ్మో తాతయ్యో, టీకా కార్డు ఏ సంచిలో ఉందో తెలిసేదీ వారికే. వారికి అర్థమయ్యే భాషలో రాసిన కాగితం వారి చేతికి అందితే పని ఆ సాయంత్రమే జరిగిపోతుంది.

పేరు దొరకనప్పుడు

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడ. రిజిస్ట్రీ ప్రధానంగా మొదటి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీలతో వెతుకుతుంది, తల్లి పుట్టింటి ఇంటిపేరును కూడా ఒక ఆధారంగా వాడుకుంటుంది. మన పేర్లు ఈ గళ్లలో ఒదగవు. ఉదాహరణకు ఒక పాప పూర్తి పేరు కొల్లిపర సాయి లక్ష్మీ శ్రీనిధి అనుకుందాం. బడి రికార్డులో మొదటి పేరు శ్రీనిధి, ఇంటిపేరు కొల్లిపర అని ఉంటుంది. క్లినిక్ వారు పాస్‌పోర్టు చూసి మొదటి పేరు గడిలో సాయి లక్ష్మీ శ్రీనిధి అని మొత్తం కలిపి రాసి ఉంటారు. ఫార్మసీలో ఫ్లూ టీకా వేయించినప్పుడు సాయి మొదటి పేరు, లక్ష్మీ మధ్య పేరు అయి ఉంటుంది. ఒకే పాపకు మూడు రికార్డులు, ఒక్కోదానిలో కొన్ని డోసులు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పిల్లల సంగతి ఇంకా ఇబ్బంది. వీసా మీద పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, మొదటి పేరు స్థానంలో మొదటి పేరు తెలియదు అనే అర్థం వచ్చే ఎఫ్‌ఎన్‌యూ అక్షరాలు పడతాయి. రిజిస్ట్రీలో అవే పేరుగా చలామణీ అవుతాయి.

అందువల్ల ఒకసారి వెతికి రాలేదని వదిలేయకూడదు. ముందు పుట్టిన తేదీతోపాటు ఇంటిపేరులోని మొదటి మూడు అక్షరాలతో వెతకండి. తర్వాత పేరునూ ఇంటిపేరునూ తారుమారు చేసి వెతకండి. ఆ తర్వాత పుట్టిన తేదీలో రోజునూ నెలనూ తారుమారు చేసి చూడండి, ఎందుకంటే మనం రోజు ముందు రాస్తాం, అమెరికాలో నెల ముందు రాస్తారు. తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటే దాన్నీ జోడించండి. రెండు రికార్డులు ఒకే బిడ్డవని తేలితే వాటిని బడి తనంతట తాను కలపకూడదు, రిజిస్ట్రీ సహాయ కేంద్రానికి తెలిపి వారి చేత కలిపించాలి. కవలల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒకే తేదీ, ఒకే ఇంటిపేరు, సాయిరామ్, సాయిరాజ్ లాంటి పేర్లు ఉన్నప్పుడు ఇద్దరి డోసులూ ఒకరి ఖాతాలో పడిపోవడం సాధ్యమే.

ఇన్ని విధాలుగా వెతికినా రికార్డు దొరకలేదంటే బిడ్డకు టీకా పడలేదని అర్థం కాదు. వేరే రాష్ట్రంలో పడి ఉండవచ్చు, వేరే దేశంలో పడి ఉండవచ్చు, తల్లిదండ్రులు సమ్మతి ఇవ్వకపోయి ఉండవచ్చు. రిజిస్ట్రీ ఉందని చెబితే నమ్మండి, లేదని చెబితే కుటుంబాన్ని అడగండి. ఈ నియమాన్ని డిస్ట్రిక్టు విధానపత్రంలో స్పష్టంగా రాయించగలిగితే మిగిలిన సగం గొడవలు తలెత్తవు.

రికార్డును చదవడం

రిజిస్ట్రీ తెరమీద టీకాల చరిత్రతోపాటు తర్వాత పడవలసిన డోసుల సూచన కూడా కనిపిస్తుంది. ఆ సూచన వైద్య సిఫార్సులను అనుసరించి లెక్క కట్టినది. బడి నియమం రాష్ట్ర చట్టాన్ని అనుసరించినది. రెండూ ఒకటి కావు. ఫ్లూ టీకా బాకీ ఉందని ఎర్ర అక్షరాల్లో కనిపించినంత మాత్రాన ఆ పాపను బడి నుంచి ఆపడానికి వీల్లేదు. కిండర్‌గార్టెన్‌లో చేరడానికి టెక్సాస్ హెపటైటిస్ ఏ టీకా రెండు డోసులు అడుగుతుంది, కాలిఫోర్నియా అడగదు. ఏడవ తరగతికి రెండు రాష్ట్రాలూ టీడాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గుల బూస్టర్ టీకా) అడుగుతాయి, టెక్సాస్ దానితోపాటు మెనింగోకాకల్ (మెనింజైటిస్) టీకా కూడా అడుగుతుంది. కాబట్టి మీ రాష్ట్ర బడి నియమాల పట్టికను ముద్రించి ప్రతి నర్సు బల్ల మీదా ఉంచండి, తెరమీది సూచనను దానితో సరిచూసుకోమనండి. బడి నియమాలనే ఆధారం చేసుకుని స్థితి చూపించే వీలు మీ రాష్ట్ర రిజిస్ట్రీలో ఉంటే ఆ అమరికనే వాడండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చిన పిల్లల కార్డులు చదివేటప్పుడు నర్సులకు తెలిసి ఉండవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. మన ప్రభుత్వ కార్యక్రమంలో మీజిల్స్-రుబెల్లా టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండవది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. అమెరికాలో మొదటి పుట్టినరోజు నాడో తర్వాతో పడిన డోసునే లెక్కిస్తారు, నాలుగు రోజుల ముందు వరకు సడలింపు ఉంటుంది. అందువల్ల తొమ్మిదవ నెలలో పడిన డోసు ఇక్కడ లెక్కకు రాదు. రెండవ డోసు లెక్కకు వచ్చినా అందులో గవదబిళ్లల టీకా భాగం లేదు. ఈ కారణంగా, కార్డు మీద రెండు డోసులు నిండుగా కనిపిస్తున్నా బిడ్డకు ఎంఎంఆర్ వేయించమని బడి అడుగుతుంది. ఇది వివక్ష కాదని, మన కార్డు తప్పు కూడా కాదని, రెండు దేశాల పట్టికలు వేరని కుటుంబానికి నెమ్మదిగా చెప్పాలి.

2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లోనూ 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు మీజిల్స్-రుబెల్లా ప్రచార కార్యక్రమం జరిగింది, ఎక్కువ భాగం బడుల్లోనే వేశారు. ఆ డోసు పాత టీకా కార్డులో చాలామందికి రాసి ఉండదు, విడిగా ఇచ్చిన చిన్న కార్డులో ఉంటుంది. ఇప్పుడు మిడిల్ స్కూల్లో, హైస్కూల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులను ఆ చిన్న కార్డు గురించి ప్రత్యేకంగా అడగండి. పోలియో చుక్కల విషయంలో మరొక గీత ఉంది. 2016 ఏప్రిల్ 1కి ముందు వేసిన చుక్కలను అమెరికా లెక్కిస్తుంది, ఆ తేదీ నుంచి వేసినవాటిని లెక్కించదు, అప్పటి నుంచి చుక్కల మందులో రెండవ రకం వైరస్ లేకపోవడమే ఇందుకు కారణం. పల్స్ పోలియోలో ఎన్నిసార్లు చుక్కలు వేయించినా ఆ తర్వాత పుట్టిన బిడ్డకు ఇంజెక్షన్ రూపంలోని పోలియో టీకానే చూస్తారు. బీసీజీ అమెరికా పట్టికలోనే లేదు, అది ఉన్నందువల్ల ఇబ్బందీ లేదు. పెంటావాలెంట్ అని రాసి ఉన్న చోట కోరింత దగ్గు, ధనుర్వాతం, కంఠసర్పి, హెపటైటిస్ బి, హిబ్ అయిదూ ఉన్నాయని గుర్తుంచుకుంటే, హెపటైటిస్ బి లేదని పొరపాటున ఉత్తరం పంపే పరిస్థితి రాదు.

తేదీల సంగతి మళ్లీ ఒకసారి చెప్పక తప్పదు. కార్డు మీద 05/08/2019 అని ఉంటే అది ఆగస్టు 5. దాన్ని మే 8గా ఎక్కిస్తే రెండు డోసుల మధ్య ఉండవలసిన వ్యవధి తగ్గిపోయి, సరైన డోసు చెల్లనిదిగా తేలుతుంది, బిడ్డకు అనవసరంగా ఇంకొక సూది పడుతుంది. అదే కార్డులో 12 కంటే పెద్ద అంకె ఎక్కడుందో వెతికితే క్రమం తెలిసిపోతుంది. నెల పేరును అక్షరాల్లో రాసుకున్నాకే కంప్యూటర్లో ఎక్కించడం అలవాటు చేయండి. ఈమధ్య భారతదేశంలో ప్రభుత్వ టీకా నమోదు వేదిక యూ-విన్ మీద నమోదైన పిల్లలకు క్యూఆర్ కోడ్ ఉన్న ఎలక్ట్రానిక్ సర్టిఫికెట్ దొరుకుతోంది, అది ఉన్న కుటుంబాన్ని దానినే తెమ్మనండి.

విదేశీ కార్డులోని తేదీలను రాష్ట్ర రిజిస్ట్రీలోకి ఎక్కించే పనికి పిల్లల డాక్టరు ఆఫీసు గానీ స్థానిక ఆరోగ్య శాఖ గానీ సరైన చోటు. ఒకసారి అక్కడ ఎక్కితే బిడ్డ బడి మారినా, ఊరు మారినా అదే రాష్ట్రంలో ఉన్నంతకాలం ఆ కార్డును మళ్లీ మళ్లీ వెతుక్కునే పని ఉండదు. రాష్ట్రం మారితే మాత్రం ముద్రించిన ప్రతిని వెంట తీసుకెళ్లమని చెప్పండి.

రికార్డు అసంపూర్ణంగా ఉన్నప్పుడు

రిజిస్ట్రీ చేతికి వచ్చాక డిస్ట్రిక్టులు చేసే పెద్ద పొరపాటు, అసంపూర్ణంగా కనిపించిన పిల్లలందరికీ ఒకే రోజు బడికి రావద్దనే ఉత్తరాలు పంపడం. దయచేసి ఆ పని చేయవద్దు. ముందు నర్సు పైన చెప్పిన పద్ధతిలో మళ్లీ వెతకాలి, తర్వాత కుటుంబానికి ఫోన్ చేయాలి, ఏ డోసు లేదో దాని పేరుతో సహా చెప్పాలి, ఖర్చు లేకుండా ఎక్కడ వేయిస్తారో చెప్పాలి. బీమా లేని పిల్లలకు, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ బీమా) ఉన్న పిల్లలకు 1994 నుంచి నడుస్తున్న వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ కార్యక్రమం కింద టీకా మందు ఉచితం. హెచ్ 1బీ ఉద్యోగాల మధ్య బీమా తెగిపోయిన కుటుంబాలకు ఈ సంగతి తెలియక పిల్లల టీకాలు వాయిదా వేస్తుంటారు.

కొందరు పిల్లలను రికార్డు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలని చట్టమే చెబుతోంది. ఇల్లు లేని పిల్లలకు మెకిన్నీ-వెంటో చట్టం ఆ రక్షణ ఇస్తుంది. సైనికుల పిల్లలకు రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం టీకాలు వేయించుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది. వీరి పేర్ల పక్కన బడి వ్యవస్థలో గుర్తు పెట్టకపోతే యంత్రం తయారుచేసే జాబితాలో వీరు కూడా కలిసిపోతారు. మినహాయింపుల విషయంలో రాష్ట్రానికొక నియమం. కాలిఫోర్నియా 2015లో చేసిన చట్టంతో వ్యక్తిగత నమ్మకాల మినహాయింపును తీసివేసింది, న్యూయార్క్ 2019లో మత సంబంధమైన మినహాయింపును రద్దు చేసింది, టెక్సాస్‌లో మనస్సాక్షి కారణంతో మినహాయింపు నేటికీ ఉంది. మినహాయింపు తీసుకున్న కుటుంబం పట్ల నర్సు మర్యాద తగ్గకూడదు. ఆ బిడ్డ పేరు మాత్రం అవసరం వచ్చినప్పుడు వెంటనే దొరికే జాబితాలో ఉండాలి.

ఆ అవసరం ఏమిటో 2025లో టెక్సాస్ పశ్చిమ ప్రాంతం చూసింది. గెయిన్స్ కౌంటీ చుట్టూ మొదలైన తట్టు ఆగస్టులో ముగిసిందని ప్రకటించేనాటికి ఆ రాష్ట్రంలో 762 కేసులు నమోదయ్యాయి, బడి ఈడు పిల్లలు ఇద్దరు చనిపోయారు. బడిలో ఒక కేసు బయటపడగానే, రక్షణ ఉన్నట్లు రుజువు లేని పిల్లలను చివరిసారి సోకే అవకాశం కలిగిన రోజు నుంచి 21 రోజులపాటు ఇంటి దగ్గర ఉంచమని ఆరోగ్య శాఖ సాధారణంగా ఆదేశిస్తుంది. సోకే అవకాశం కలిగిన 72 గంటల లోపల ఎంఎంఆర్ వేయిస్తే జబ్బు రాకుండా ఆపే వీలుంది. ఆ మూడు రోజుల్లో ఫ్యాక్సుల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే గడువు దాటిపోతుంది. రిజిస్ట్రీతో సరిపోల్చిన జాబితా ముందే ఉంటే, టీకా కావలసిన పిల్లల ఇళ్లకు ఆ మధ్యాహ్నమే ఫోన్లు వెళతాయి. కార్డు ఇంట్లోనే మరచిపోయిన పిల్లలు మూడు వారాల చదువు పోగొట్టుకునే పరిస్థితి రాదు.

అందువల్ల జాబితాను ఏడాదికి ఒకసారి కాక మూడుసార్లు సరిచూడండి: వసంతంలో కొత్త నమోదులు అయ్యాక, బడి తెరిచిన నెల తర్వాత, శీతాకాలం సెలవుల తర్వాత. ఇండియా వెళ్లి వచ్చే కుటుంబాలు ఎక్కువగా ఉన్న బడుల్లో ఈ మూడవసారి తప్పనిసరి అనుకోండి. జూన్‌లో బడి మూసే ముందు, ఉద్యోగం మానేసిన, బదిలీ అయిన నర్సుల లాగిన్లు రద్దు చేయించండి, వెళ్లిపోయిన విద్యార్థుల పేర్లు జాబితా నుంచి తీయించండి, ఆ ఏడాది రిజిస్ట్రీని ఎవరెవరు తెరిచారో చూపే చిట్టాను తెప్పించుకుని నర్సింగ్ పర్యవేక్షకురాలి చేత చదివించండి. సంస్థ ఒప్పందం గడువు ఎప్పుడు తీరుతుందో అప్పుడే చూసుకుని, సంతకం చేయవలసిన అధికారి సెలవు మీద వెళ్లకముందే కొత్త పత్రం ఆయన బల్ల మీద పెట్టించండి.